ప్రాగ్‌లో మూడొందల యూరోలు, మూడు గంటల గడువు

రాత్రి పదయింది. హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. మా ఆవిడ నిద్రపోయింది. డబ్బులు ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి, ఆ బ్యాగు ఆవిడ తలగడ కింద ఉంది. ఇవాళ్టి నుంచి ఈ ట్రిప్పు అయ్యేదాకా ఇదే ఏర్పాటు.

మా మేనకోడలు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. దాన్ని చూడ్డానికి వెళ్లి, పనిలో పనిగా చెక్ దేశపు రాజధాని ప్రాగ్ కూడా చూద్దామని ఇద్దరం రైలెక్కాం. షెంగెన్ వీసా ఒక్కటే రెండు దేశాలకీ సరిపోతుంది. దారిలో చాలాసేపు ఎల్బే నది పక్కనే ఉంటుంది, కిటికీ సీటు సంపాదించండి. ప్రాగ్‌లో దిగగానే మెషీన్లో కార్డు పెట్టి 24 గంటల టికెట్లు కొన్నాం. మెట్రో, ట్రామ్, బస్సు అన్నిటికీ అదే టికెట్. కాకపోతే మొదటిసారి వాడేటప్పుడు పసుపు రంగు మెషీన్లో స్టాంపు కొట్టించాలి. లేకపోతే టికెట్ జేబులో ఉన్నా ఫైన్ తప్పదు. ఇక్కడిదాకా నల్లేరు మీద నడకే.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నేను బ్యాంకులో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం క్యాష్ కౌంటర్లోనే. 2016లో నోట్ల రద్దప్పుడు రాత్రి పదకొండింటిదాకా కూర్చుని లెక్కపెట్టిన రోజుల్లో కూడా నా కౌంటర్లో రూపాయి తేడా రాలేదు. ఆ గర్వంతోనే, "కార్డు చాలు మామయ్యా, క్యాష్ ఎందుకు?" అని మేనకోడలు మొత్తుకున్నా వినకుండా మూడొందల యూరోలు జేబులో వేసుకొచ్చాను. చెక్ దేశం యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా వాళ్ల డబ్బు వాళ్లదే, కొరునా. కొన్ని షాపులు యూరోలు తీసుకుంటాయి కానీ రేటు వాళ్లిష్టం.

ఓల్డ్ టౌన్ స్క్వేర్‌కి పోయే సందులో ఒక మారకం దుకాణం కనిపించింది. బయట పెద్ద బోర్డు, దాని మీద '0% కమిషన్' అని. కింద యూరో పక్కన 24.90 అని ఉంది. బయట రేటు కూడా ఇంచుమించు అంతే. ఇంకేం, వెళ్లి మూడొందలు అద్దం కిందనుంచి తోశాను. ఆ అమ్మాయి ఒక కాగితం ముందుకు తోసింది, సంతకం పెట్టాను. నోట్లిచ్చింది. వాళ్ల చరిత్రకారుడు పలాట్‌స్కీ బొమ్మ ఉన్న వెయ్యి నోట్లు ఐదు, ఐదొందలది ఒకటి, రెండొందలది ఒకటి. రెండుసార్లు లెక్కపెట్టాను. వెలుతురుకి పెట్టి వాటర్‌మార్క్ చూశాను. వీధిలో ఎవడో మోసగాడు అంటగట్టే వేరే దేశపు నోట్లు కావివి అని మా ఆవిడకి పాఠం కూడా చెప్పాను. నోట్లన్నీ అసలైనవే. రేటు మాత్రం చూడలేదు.

తర్వాత గంటసేపు హాయిగా తిరిగాం. టాయిలెట్‌కి మనిషికి 20 చొప్పున 40 కొరునాలు. ట్రెడెల్నిక్ అని నిప్పు మీద తిప్పి కాల్చే చుట్ట రొట్టె ఒకటి 140. ప్రాగ్ సంప్రదాయం అని అమ్ముతారు కానీ అది టూరిస్టుల కోసం పుట్టుకొచ్చిన సంప్రదాయం. ఒకటి కొని ఇద్దరూ పంచుకోండి చాలు.

భోజనానికి స్క్వేర్ దగ్గర కూర్చోకుండా మెట్రో ఎక్కి 'నామ్యెస్తీ మీరు' అనే స్టేషన్ వైపు వెళ్లాం. ఇది మాత్రం మేం చేసిన తెలివైన పని. ఆఫీసులవాళ్లు తినే హోటళ్లలో మామూలు రోజుల్లో మధ్యాహ్నం 'దెన్నీ మెను' అని పెడతారు, సాయంత్రం రేటుతో పోలిస్తే బాగా చవక. 'బెజ్‌మాసా' అంటే మాంసం లేనిది. గురువారం కాబట్టి మా ఆవిడ నీచు ముట్టదు. ఆవిడకి స్మజెనీ సీర్ చెప్పాం, అంటే వేయించిన చీజ్ ముక్క, పక్కన బంగాళాదుంపలు. కార్డుతోనే కట్టాం.

బిల్లు కట్టాక పర్సు సర్దుతుంటే మారకం రసీదు కింద పడింది. మా ఆవిడ తీసి చూసింది.

"ఏవండీ, మూడొందలకి ఐదువేల ఏడొందలంటే ఒక్కోటి పంతొమ్మిదేగా?"

ఆవిడ చదివింది పదో తరగతి. నేను బీకాం. మాట్లాడకుండా రసీదు లాక్కున్నాను. 19.00 అని అచ్చేసి ఉంది. మామూలు దుకాణంలో ఏడువేల మూడొందల దాకా రావాలి. అంటే పదహారొందల కొరునాలు, మన లెక్కలో ఆరువేల రూపాయల పైనే పోయాయి. బోర్డు మీద నేను చూసిన 24.90 'ప్రొదెయ్' గడిలోది, అంటే వాళ్లు మనకి యూరోలు అమ్మే రేటు. వాళ్లు కొనే రేటు 'నాకుప్' గడిలో ఉంటుంది. బ్యాంకు బోర్డు మీద కొనుగోలు, అమ్మకం అని రెండు గళ్లు ఉంటాయని నేనే వందలమందికి చెప్పుంటాను.

మేనకోడలికి ఫోన్ చేశాం. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "ఎన్నింటికి మార్చారు మామయ్యా?" అంది. రసీదు మీద 11:12. అప్పటికి ఒంటిగంటా పది. "ఇంకా టైముంది, పరిగెత్తండి" అంది. 2019 ఏప్రిల్ నుంచి చెక్ దేశంలో చట్టం ఉందట. వెయ్యి యూరోల లోపు మారిస్తే మూడు గంటల్లోపు కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు. అదే దుకాణానికి వెళ్లాలి, వాళ్లిచ్చింది వాళ్లకివ్వాలి, మనది మనం తెచ్చుకోవాలి. రసీదు పారేస్తే మాత్రం ఏం రుజువు చూపిస్తాం? నేను పారేయలేదు. ఈ కథలో నేను గర్వపడగలిగింది అదొక్కటే.

వాళ్లిచ్చిందాంట్లో 180 ఖర్చయిపోయాయి. మొత్తం తిరిగివ్వాలంటే అవి పూడ్చాలి. మొదట కనిపించిన ఏటీఎం ఒక షాపు గోడకి ఉంది. ఫీజు అడిగింది, ఆ తర్వాత 'రూపాయల్లో లెక్క కట్టమంటారా' అని మర్యాదగా అడిగింది. ఒప్పుకుంటే రేటు వాడిది. క్యాన్సిల్ కొట్టాను. ఎక్కడైనా సరే, స్థానిక డబ్బులోనే కట్టమనండి. రెండు వీధులు తిరిగి అసలు బ్యాంకు ఏటీఎం పట్టుకుని 500 తీసేసరికి ఒకటీ నలభై అయింది.

నామ్యెస్తీ మీరు స్టేషన్ ఎస్కలేటర్ 87 మీటర్లు. యూరోపియన్ యూనియన్‌లో ఇంత పొడుగుది ఇంకోటి లేదంటారు. వచ్చేటప్పుడు దాన్ని వీడియో తీశాను. ఇప్పుడు దాని మీద నిలబడి చేతి గడియారం చూసుకుంటుంటే ఎంతకీ అడుగు రాదే! బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని మా ఆవిడ అడుగుతూనే ఉంది.

స్క్వేర్ దగ్గరి స్తారోమ్యెస్ట్‌స్కా స్టేషన్లో దిగి స్క్వేర్‌లోకి వచ్చేసరికి సరిగ్గా రెండు. అక్కడ 1410 నాటి ఖగోళ గడియారం ఉంది, గంట గంటకీ కిటికీల్లో అపొస్తలుల, అంటే ఏసు శిష్యుల బొమ్మలు తిరుగుతాయి. దానికోసం వందలమంది ఫోన్లు పైకెత్తి దారికి అడ్డంగా నిలబడ్డారు. ఇంతమంది మధ్యలోంచి ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ తోసుకుపోతుంటే, పైన అస్థిపంజరం ఒక చేత్తో గంట లాగుతోంది, ఇంకో చేతిలో ఇసుక గడియారం. అంత చరిత్ర ఉన్న గడియారం చూసే భాగ్యం మాకు అలా కలిగింది.

కౌంటర్లో అదే అమ్మాయి. రసీదు పెట్టి "క్యాన్సిల్" అన్నాను. "ఫినిష్డ్" అంది. నా సంతకం చూపించింది. పెన్సిల్‌తో బోర్డు మీద 'నాకుప్' గడి చూపించింది. నాకు ఉక్రోషం వచ్చి, "నేనూ బ్యాంకు క్యాషియర్నే" అన్నాను.

"అయితే బోర్డు చదవడం తెలిసే ఉంటుంది" అంది.

వెనక క్యూలో ఎవరో నవ్వారు. 31 ఏళ్లలో అద్దానికి అవతలివైపు నేను నిలబడటం అదే మొదటిసారి. ఫారం తప్పు నింపిన ముసలివాళ్లని నేను కూడా ఇలాగే విసుక్కున్న రోజులు లేకపోలేదు. ఇది రాస్తుంటే కొన్ని ముఖాలు గుర్తొస్తున్నాయి కూడా.

మాట రాక నిలబడిపోతే మా ఆవిడ ముందుకొచ్చింది. ఇంగ్లీషు రాదు. మేనకోడలు పంపిన చెక్ భాష వాక్యం ఫోన్‌లో పెద్దక్షరాలతో పెట్టి అద్దానికి ఆనించింది. మూడు గంటల చట్టం, ఒప్పుకోకపోతే చెక్ నేషనల్ బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాం, అని అందులో ఉంది. ఈ దుకాణాల మీద అజమాయిషీ వాళ్లదే. ఆ అమ్మాయి చదివింది, గడియారం చూసింది, లోపలికి వెళ్లి ఎవరితోనో మాట్లాడొచ్చింది. సారీ అనలేదు. నేను తోసిన 5,700 మూడుసార్లు లెక్కపెట్టి, నా మూడొందల యూరోలు నా ముందు పడేసింది. రద్దు రసీదు మీద టైము 14:08.

రెండు వీధుల అవతల, బోర్డు మీద రెండు గళ్ల మధ్య తేడా కొంచెమే ఉన్న దుకాణంలో 24.30కి మార్చుకున్నాం. 7,290 వచ్చింది. ముందు చేతికి ఎంతొస్తుందో కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే యూరోలు బయటికి తీసింది మా ఆవిడ. మీరూ అలాగే చేయండి. అసలు ఇంత క్యాషే అక్కర్లేదు, మేనకోడలు చెప్పిందే నిజం. ఇక్కడ దాదాపు అన్నిచోట్లా కార్డు నడుస్తుంది.

రేపు పొద్దున్నే చార్లెస్ వంతెన. సూర్యోదయానికి వెళ్తే జనం ఉండరు, డబ్బులూ అక్కర్లేదు. దానికి 1357లో తొమ్మిదో తేదీ, ఏడో నెల, పొద్దున 5:31కి శంకుస్థాపన చేశారని చెప్పుకుంటారు. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. అంకెలంటే నాకు ఎప్పుడూ ఇష్టమే అని మా ఆవిడతో అన్నాను. "పంతొమ్మిది కూడానా?" అని అటు తిరిగి పడుకుంది.