పాడుబడిన ఇళ్ల కోసం ప్రాంతీయ ల్యాండ్ బ్యాంక్: నా అనుభవం

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, మొనాంగహీలా నది ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లలో ఒకదాని పురపాలక కార్యాలయంలో నేను పనిచేస్తున్నాను. పొరుగు ఊళ్లతో కలిసి ప్రాంతీయ ల్యాండ్ బ్యాంక్ ఏర్పాటు చేసే బాధ్యతను కొన్నేళ్ల క్రితం నాకు అప్పగించారు. ల్యాండ్ బ్యాంక్ అనగానే పరిశ్రమల కోసం ప్రభుత్వం సేకరించిపెట్టే భూములే మనకు గుర్తుకు వస్తాయి. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. యజమానులు వదిలేసిన ఇళ్లను, పన్ను బకాయిలు పేరుకుపోయిన స్థలాలను తీసుకుని, హక్కుల చిక్కులు విడదీసి, వాటిని బాగుచేసుకోగలవారికి అప్పగించే ప్రభుత్వ సంస్థ అది. ఈ దేశంలో మొదటిది 1971లో సెయింట్ లూయిస్‌లో ఏర్పడింది. మా రాష్ట్రంలో 2012 నాటి చట్టం అందుకు వీలు కల్పించింది.

ఉక్కు పరిశ్రమ కుంగిపోయాక ఈ లోయ ఎంతగా ఖాళీ అయిందో తెలియాలంటే బ్రాడక్‌ను చూస్తే చాలు. 1920లో ఇరవై వేలు దాటిన ఆ ఊరి జనాభా 2020 నాటికి రెండు వేల లోపుకు పడిపోయింది.

నన్ను ఈ పనిలోకి పూర్తిగా దింపింది మాత్రం ఒక ఇల్లు. ముందు వసారా చెక్కలు కుళ్లి కుంగిపోయాయి, కిటికీలకు ప్లైవుడ్ కొట్టి ఉంది. దస్తావేజులో ఉన్న దంపతులు ఎప్పుడో చనిపోయారు. వారసులెవరూ తమ పేరిట మార్పించుకోలేదు. బకాయిలు ఇంటి విలువను మించిపోయినందువల్ల వేలంలో పాడేవారే లేరు. పక్కింటి పెద్దావిడ నన్ను తన పడకగదిలోకి తీసుకెళ్లి, రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న గోడ మీద నా భుజం ఎత్తు వరకు పాకిన తేమ మరకను చూపించారు. ఆ ఇంటి ముందు గడ్డిని కూడా ఏళ్లుగా ఆవిడే కోస్తున్నారు.

పది వేల జనాభా మించని ఊరు ఒంటరిగా ల్యాండ్ బ్యాంక్ పెట్టుకోవడానికి మా చట్టం ఒప్పుకోదు. ఇతర ఊళ్లతో కలవాలి. నూట ముప్పై స్థానిక సంస్థలున్న మా అలెగెనీ కౌంటీలో అది తేలిక కాదు. పైగా ప్రతి ఇంటి మీదా కౌంటీ, ఊరు, స్థానిక బడులను నడిపే పాఠశాల జిల్లా వేర్వేరుగా పన్ను వేస్తాయి కాబట్టి ముగ్గురినీ ఒప్పించాలి. ల్యాండ్ బ్యాంక్ అమ్మిన ఆస్తి మీద వచ్చే పన్నులో సగం వరకు, అయిదేళ్ల వరకు, దానికే చెందేలా ఏర్పాటు చేసుకోవచ్చు. పాఠశాల బోర్డు అభ్యంతరమంతా ఈ అంశం మీదే వచ్చింది. మొదటి సమావేశానికి నేను అంచనాల పట్టికలు తీసుకువెళ్లడం పొరపాటు. రెండోసారి ఇళ్ల చిరునామాలు, ఒక్కో ఇంటి దగ్గర గడ్డి కోయించడానికీ కూల్చివేతకూ అయ్యే ఖర్చు మాత్రమే చదివాను. అప్పుడు ఒక సభ్యుడు, “ఈ ఇళ్ల నుంచి ఇప్పుడు మనకు ఎంత వస్తోంది?” అని అడిగారు. ఒక్క డాలరు కూడా రావడం లేదని చెప్పాను. ఆ రాత్రే తీర్మానం నెగ్గింది.

జనం ఇళ్లను బలవంతంగా లాక్కుంటారేమోనన్న భయం ప్రతి ఊళ్లోనూ ఎదురైంది. అది అన్యాయమైన అనుమానమని నేను అనుకోను. నిర్బంధ భూసేకరణ అధికారం ల్యాండ్ బ్యాంకుకు లేదన్న నిబంధనను ప్రతిసారీ పైకి చదివి వినిపించాను. అయినా ఒక ఊరి కౌన్సిల్ చేరలేదు.

ఒప్పందాలు కుదిరాక అసలు శ్రమ కోర్టులో మొదలైంది. హక్కు నిర్ధారణ దావాలో అనేక ఆస్తులను కలిపి వేయడానికి చట్టం అనుమతిస్తుంది గానీ, ప్రతి వారసుడికీ నోటీసు అందించాల్సిందే. ఆ ఇంటి వారసులు మూడు రాష్ట్రాల్లో తేలారు. తీర్పు వచ్చాక, బాగుచేసుకుని అందులోనే నివసించాలన్న షరతుతో దాన్ని ఒక కుటుంబానికి అమ్మాము. వాళ్లు ముందుగా పైకప్పు వేయించారు. కొన్నాళ్లకు పెద్దావిడ ఫోన్ చేసి, గోడ ఆరిందని, రంగు వేయించుకుంటున్నానని చెప్పారు. అదే వీధిలో మా జాబితాలో ఉన్న ఇళ్లు ఇంకా నాలుగు మిగిలాయి. వాటిలో రెండింటి వారసుల కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను.