మంచు కొండకు ఒక అర్జీ

సోమవారం వచ్చిందంటే నాకు తల గోక్కునే టైముండదు. చిత్తూరు కలెక్టరేట్‌కు దగ్గర్లో జిరాక్సు, డీటీపీ షాపు నాది, సోమవారం గ్రీవెన్స్ కాబట్టి పొద్దున ఏడుకల్లా షట్టర్ ముందర జనం నిలబడుంటారు, దారి తగాదా, పాస్‌బుక్కులో పేరు తప్పు, పింఛను ఆగిపోయింది, అన్నీ నా కంప్యూటర్లోంచే పోవాల. ఇరవై ఏండ్లుగా ఇదే బతుకు. అట్లాంటి నాకు పోయిన వారం అమెరికాలో ఒక మంచు కొండ మీద అర్జీ రాసే పని పడింది, నవ్వొద్దండి.

మా అక్క కొడుకు కొలరాడోలో ఉంటాడు, డెన్వర్ దగ్గర. చలికాలం వస్తే శని ఆదివారాలు ఇంట్లో ఉండడు, స్కీయింగ్ అని, మంచు మీద జారే ఆటకు కొండకు పోతాడు, ఒకసారి మోకాలు వాయించుకుని వచ్చినా బుద్ధి రాలేదు. ఇప్పుడు వాడు పోయే రిసార్టు వాళ్ళు చలికాలం ఒక్కటే కాదు, ఇంక ఏడాది పొడుగునా నడుపుతాం అని ప్లాన్ పెట్టినారంట. ఎండాకాలంలో సైకిల్ ట్రాకులు, తీగకు వేలాడి జారే జిప్‌లైను, పట్టాల మీద కొండ దిగే బండి ఒకటి, పైన పెద్ద హోటలు, రాత్రిళ్ళు లైట్లు. ఆ కొండ ప్రభుత్వ అడవి, రిసార్టుకు ఉండేది పర్మిట్ మాత్రమే, అందుకని అక్కడి ఫారెస్ట్ సర్వీసు జనాన్ని మీరేమంటారు అని అడిగింది, 30 రోజులు గడువు. మావాడు ఇరవై ఆరు రోజులు ఊరికే ఉండి ఇంక నాలుగు రోజులుందనంగా రాత్రి పదకొండుకు నాకు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపినాడు. "మామా, నేను రాసింది ఒకసారి చూడు, నీకు అలవాటు కదా" అని.

చూసినా. పదేండ్లుగా వస్తా ఉండాను, ఈ కొండంటే నాకు ప్రాణం, దీన్ని ఎగ్జిబిషన్ గ్రౌండ్ చెయ్యొద్దండి అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు. అంతే.

"రేయ్, ఇట్లా రాస్తే మా కలెక్టరేట్లో కూడా పక్కన పెడతార్రా" అన్నా.

మా లైన్లో ఒక మాటుంది, సర్వే నంబరు లేని అర్జీ గాలికి పోతుంది అని. ఎంత ఏడ్చి రాసినా సరే, ఏ ఊరు, ఏ నంబరు, ఎన్ని సెంట్లు, ఎప్పట్నుంచి, ఇవి లేకపోతే ఆఫీసరు దాన్ని ఎవరికి పంపాలో కూడా తెలీదు పాపం. కొన్నేండ్ల కింద ఇక్కడికి దగ్గర్లోనే ఒక క్వారీ మీద పబ్లిక్ హియరింగ్ పెట్టినారు. పర్యావరణానికి ఏం నష్టమో ముందే లెక్క కట్టాలనే 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం అది పొల్యూషన్ కంట్రోల్ బోర్డు పెట్టాల, 30 రోజులు ముందే పేపర్లో వెయ్యాల, కలెక్టరు గానీ అడిషనల్ డిస్ట్రిక్ట్ మెజిస్ట్రేటుకు తగ్గని ఆఫీసరు గానీ కూర్చోవాల, మొత్తం వీడియో తియ్యాల. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, మజ్జిగ పాకెట్లు, అంతా పెళ్ళి మాదిరే ఉండింది. యువకులు మైకు పట్టుకుని అరిచినారు, చప్పట్లు కొట్టినారు, క్వారీ వాళ్ళు తీసుకొచ్చిన మనుషులు కూడా అరిచినారు. ఆఖర్లో ఒక ముసలామె లేచి, టిప్పర్లు ఏ దారిలో పోతాయి, సాయంత్రం నాలుగుకు ఇస్కూలు వదిలినప్పుడు ఆ దారిలో ఎన్ని బండ్లు పోతాయి చెప్పండి నాయనా అనింది. క్వారీ ఆయన దగ్గర దానికి జవాబు లేదు. ఆ రోజు అరిచిన అరుపులన్నింటికీ జవాబుంది, ఆమె అడిగినదానికే లేదు, అది మినిట్స్‌లోకి, అంటే మీటింగ్ రికార్డులోకి ఎక్కింది.

మన దగ్గర హియరింగ్ ఓటింగ్ కాదు, వాళ్ళ దగ్గర కూడా కాదంట. వెయ్యి మంది వద్దు అన్నా, వెయ్యి మంది కావాల అన్నా, లెక్క పెట్టి ఆపెయ్యరు. ఫలానా చోట, ఫలానా నెలలో, ఫలానా ఇబ్బంది అని రాస్తేనే పట్టించుకుంటారు, ఇంకొకటి, ఇప్పుడు అట్లా రాసినోళ్ళకే తర్వాత ఫైనల్ నిర్ణయం రాబోయే ముందర అబ్జెక్షన్ వేసుకునే హక్కుంటాదంట. అది చదివినాక మావాడికి నిద్ర మత్తు దిగింది.

ఇంక రాత్రంతా ఫోన్లోనే. వాడు అక్కడి చట్టం చదివి చెప్తా ఉంటే నాకు భలే ఇంట్రెస్టు వచ్చింది. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఆ అడవుల్లో రిసార్టులకు ఇచ్చిన పర్మిట్లు స్కీయింగ్‌కే. 2011లో దాన్ని మార్చి ఎండాకాలం ఆటలు కూడా కలిపినారు, ఏవి పనికొస్తాయి ఏవి పనికిరావు అని లిస్టే ఉంది. జిప్‌లైను, సైకిల్ ట్రాకు, తాళ్ళ మీద నడిచే ఆట, ఫ్రిస్బీ ఓకే. టెన్నిస్ కోర్టు, గోల్ఫు, స్విమ్మింగ్ పూలు, వాటర్ పార్కు, అమ్యూజ్‌మెంట్ పార్కు కుదరదు. అన్నిటికంటే ముఖ్యమైన క్లాజు ఇంకోటుంది, ఎన్ని కలిపినా ఆ పర్మిట్ అసలు ఉద్దేశం స్కీయింగ్, మంచు ఆటలే అయ్యుండాల, అది మారిపోయేట్టుంటే పర్మిషన్ ఇయ్యకూడదు. "చూసినావా, ఇదీ సర్వే నంబరంటే" అన్నా. ఎండాకాలం ఎంతమంది వస్తారు, చలికాలం ఎంతమంది, పక్కపక్కన టేబుల్ వేసి చూపించమని అడుగు అన్నా.

రిసార్టు వాళ్ళ వైపు న్యాయం లేదని కాదు. మంచు ఆలస్యంగా పడతా ఉంది, మిషన్లతో మంచు చేసుకోవాల, ఏప్రిల్ వస్తే పనోళ్ళలో చానామందిని ఇంటికి పంపించెయ్యాల. వాడి పక్క అపార్ట్‌మెంట్ పిల్లోడు చలికాలమంతా జనాన్ని కొండ పైకి మోసే లిఫ్ట్ దగ్గర పని చేసి ఎండాకాలం పిజ్జాలు డెలివరీ చేస్తాడంట, వాడికి ఈ ప్లాన్ వస్తే పండగే. మా మామిడి జ్యూస్ ఫ్యాక్టరీల్లో సీజన్ కూలోళ్ళ కష్టం చూసినోణ్ణి, నేనెట్లా కాదంటాను. కానీ మంచు చేసేదానికి నీళ్ళు నవంబరు, డిసెంబరులో ఏటిలోంచే తోడతారు, సరిగ్గా ఏరు సన్నబడే నెలలవి. ఏ ఏరు, ఏ నెల, ఎన్ని గ్యాలన్లు అని రాయించినా.

అసలు నాకు గుచ్చుకున్నది వేరే. ఆఫ్ సీజన్ లేని కొండ ఎట్లుంటాదో తిరుపతి పక్కన పుట్టినోళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. తిరుమలకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది, ఇప్పుడు ఏ నెల, ఏ వారం పోయినా రద్దీనే. 2021లో పెద్ద వానలకు డిసెంబరు 1న రెండో ఘాట్‌లో బండలు పడి రోడ్డే పోయింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నబిడ్డను పొట్టన పెట్టుకుంది, తర్వాత మధ్యాహ్నం రెండు దాటితే చిన్నపిల్లల్ని ఆ దారిలో వదల్లేదు. దేవుడి కొండ కాబట్టి మనం సర్దుకుంటాం, సర్దుకోవాల కూడా. అయినా రాత్రిపూట కొన్ని గంటలు ఘాట్ మూస్తారు చూడండి, ఆ కాసేపన్నా కొండ అడవిదే.

"మీ కొండ ఎప్పుడు నిద్రపోతాదిరా" అని అడిగినా. మే ఆఖరు, జూన్‌లో అక్కడ ఎల్క్ జింకలు దూడల్ని వేస్తాయంట, సైకిల్ ట్రాకు గీసింది ఆ వాలు మీదనే. పలమనేరు వైపు మామిడి తోటలోళ్ళను అడిగితే తెలుస్తుంది, ఏనుగులు నడిచే దారిలో అడ్డం పెడితే అవి దారి మార్చుకోవు, మన తోటే దారవుతాది.

ఎప్పుడో పేపర్లో చదివింది కూడా చెప్పినా వాడికి. హిమాచల్‌లో మనాలీ దగ్గర స్కీ విలేజ్ కడతామని ఫోర్డ్ కార్ల హెన్రీ ఫోర్డ్ ముని మనవడు ఆల్ఫ్రెడ్ ఫోర్డ్ వచ్చినాడు, ఆయన ఇస్కాన్ భక్తుడే. 2006లో అక్కడి నగ్గర్‌లో కులు లోయ దేవుళ్ళందరినీ పిలిచి జగతి పూచ్ అని దేవుళ్ళ సభ పెట్టినారు, దేవుళ్ళ తరఫున మాట్లాడే గూర్‌లు వద్దన్నారు. ఆ విలేజ్ కట్టనే లేదు. కోర్టు కేసులు, గవర్నమెంట్లు మారడాలు చానా ఉన్నాయిలే, దేవుడొక్కడే ఆపినాడని నేననను. మావాడు "మామా మాకు గూర్‌లు లేరే" అన్నాడు. "అందుకేరా నువ్వు జూన్‌లో ట్రాకు మూసెయ్యమని రాయాల్సింది" అన్నా.

చివరికి పేజీన్నర అయింది. నీళ్ళ లెక్క, మే 15 నుంచి జూన్ ఆఖరు దాకా ఆ వాలు మూసెయ్యడం, రాత్రి తొమ్మిది తర్వాత లైట్లు ఆపడం, ఆ టేబుల్. ప్రాణం అన్న మాట తీసేయించినా, వాడికి కొంచెం బాధేసింది.

పంపే ముందర మళ్ళీ ఫోన్. "మామా, కింద తమ విధేయుడు అని పెట్టాల్నా?"

"అదేం వద్దు, పేరు, డోర్ నంబరుతో అడ్రస్సు రాయి, అవి లేకుంటే తర్వాత అబ్జెక్షన్ వేసుకునే హక్కుండదు" అని పెట్టేసినా, అప్పటికే షట్టర్ బయట ఎవరో దగ్గుతా ఉండారు, సోమవారం కదా.