కలకత్తా ట్రామ్ కట్టాను, చక్రాల దగ్గర చుక్కలు కనిపించాయి

నిన్న రాత్రి నా నమూనా ట్రామ్ కదిలింది. మన విశాఖలో ట్రాములు ఎప్పుడూ లేవు కాబట్టి కలకత్తాది ఎంచుకున్నాను. అక్కడ 1873లో గుర్రాలతో మొదలై, 1902లో కరెంటుకు మారిన బండి. పట్టాల మధ్య దూరం 1435 మిల్లీమీటర్లు. 32వ వంతుకు కుదిస్తే దాదాపు 45 వస్తుంది. ఆ కొలతకు రెడీమేడ్ పట్టాలు దొరుకుతాయి, మీరూ అదే స్కేలు పెట్టుకోండి.

బాడీకి ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర వాడాను. హాయిగా తెగింది. పైకప్పు మీది ట్రాలీ పోల్‌కు, అంటే పై తీగను తాకుతూ కరెంటు అందుకునే కడ్డీకి, బాల్‌పెన్ స్ప్రింగ్ చాలు. మోటారు 12 వోల్టులది.

ఇక చక్రాలు. కరెంటు పై తీగ నుంచి పోల్ గుండా మోటారుకు దిగి, చక్రాల మీదుగా పట్టాలోకి వెళ్లిపోవాలి. అందుకని ప్లాస్టిక్ పనికిరాదు, ఇత్తడే కావాలి. గాజువాక వైపు ఒక లేత్ వర్క్‌షాప్‌కు డ్రాయింగ్ పట్టుకెళ్లాను. ఓనర్ దాన్ని తలకిందులుగా పట్టుకుని, "ఒరేయ్, సారు బొమ్మబండి ఆడుకుంటారంట, చక్రాలు కావాలంట!" అని కేకేశాడు. షెడ్డంతా నవ్వు. అడ్వాన్సు మాత్రం అప్పుడే లాక్కున్నాడు. ఎన్నిసార్లు వెళ్లినా "రేపు రండి". చివరికి చేతిలో పెట్టినవి క్యారమ్స్ స్ట్రైకర్లలా ఉన్నాయి. లోపలివైపు ఎత్తుగా నిలిచే అంచే లేదు! అది లేకపోతే బండి పట్టా మీద నిలుస్తుందా? రైల్వే ఉన్న ఊళ్లో పుట్టి రైలు చక్రం చూడలేదా అన్నాను. "మీ కాగితంలో అలాగే ఉంది" అన్నాడు. అంచు కొలత ఎర్ర సిరాతో రాసి ఉంది మరి. మిగతా డబ్బులూ వసూలు చేశాకే బయటికి వదిలాడు.

కంచరపాలెంలో రిటైరైన టర్నర్ (లేత్ మీద పనిచేసేవారు) ఒకాయన ఉన్నారని తెలిసి వెళ్లాను. డ్రాయింగ్ తీయబోతే, "కాగితం తర్వాత చూద్దాం బాబూ, పట్టా ముక్క తెచ్చావా?" అన్నారు. మళ్లీ ఇంటికి పరుగు. చక్రాన్ని పట్టా మీద ఆనించి, వెలుతురుకు ఎత్తి చూసి, లేత్‌కు ఎక్కించి వెంట్రుకవాసి తీసేవారు. మళ్లీ ఆనించేవారు. పట్టా మీద ఆనే భాగాన్ని బయటివైపుకు కాస్త ఏటవాలుగా దించారు. అలా ఉంటే మలుపులో చక్రం తనే సర్దుకుంటుందట. మొదటివాడి కన్నా ఎక్కువే తీసుకున్నారు, కిమ్మనకుండా ఇచ్చాను. పనిమంతుడి దగ్గర బేరమాడకండి.

ట్రామ్ మలుపు తిరిగే వీడియోను పొద్దున్నే ఆ వర్క్‌షాప్ ఓనర్‌కు వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.