‘నానలాగ అన్నేదండి’: బాలల సంక్షేమ కమిటీ ముందు నా అనుభవం

ఈ అనుభవంలో పిల్లల పేర్లు ఉండవు. వారి వయసు, కుటుంబ వివరాలు, తారీఖులు కొన్ని మార్చాను. సంరక్షణ అవసరమైన పిల్లల ఆనవాలు బయటపెట్టినవారికి 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు గాని, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ పనిలో అడుగుపెట్టినప్పుడు నాకు మొట్టమొదట చెప్పిన సంగతి ఇదే కనుక నేనూ దానితోనే మొదలుపెడుతున్నాను.

విశాఖపట్నం ఓడరేవులో లెక్కల విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సియాటిల్‌లో ఉంటున్న మా మేనకోడలు సెలవులకు వచ్చినప్పుడు తాను అక్కడ వారాంతాల్లో చేసే పని గురించి చెప్పింది. కన్నవారి దగ్గర ఉండలేని పిల్లలను కోర్టు ఇతర కుటుంబాలకు అప్పగించినప్పుడు, ఆ పిల్లవాడి మేలు ఒక్కటే చూసి జడ్జికి నివేదిక ఇవ్వడానికి మామూలు పౌరులకు శిక్షణ ఇచ్చి నియమిస్తారట. 1977లో ఆ సియాటిల్‌లోనే డేవిడ్ సూకప్ అనే న్యాయమూర్తి, పిల్లల భవిష్యత్తుపై తీర్పు చెప్పడానికి తన ముందున్న కాగితాలు చాలవని తోచి ఈ ఏర్పాటు ప్రారంభించారని, దానిని అందరూ ‘కాసా’ అంటారని చెప్పింది. చాలని కాగితాలతో నిర్ణయాలు జరిగిపోవడం ఎలా ఉంటుందో లెక్కల విభాగంలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది.

మన దగ్గర అటువంటి పదవి లేదు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో కేసుల్లో బాధిత బాలలకు తోడుగా సహాయక వ్యక్తిని నియమించే వీలు 2020 నాటి నియమాలలో ఉంది గాని, ఫోస్టర్ కేర్‌కు, అంటే దత్తత కాకుండా పెంపకం కోసం వేరే కుటుంబానికి, వెళ్లే పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక మనిషిని నియమించే పద్ధతి లేదు. అందువల్ల జిల్లా బాలల సంరక్షణ విభాగంలో స్వచ్ఛంద సేవకురాలిగా దరఖాస్తు చేసుకున్నాను. ఆధారు నకలు, పెన్షను కాగితం, ఆరోగ్య ధ్రువపత్రం, నన్ను ఎరిగిన ఇద్దరి పూచీ, పోలీసు విచారణ, పిల్లల సంగతులు బయట చెప్పనన్న హామీపత్రం, ఇన్ని అడిగారు. నా ఫైలు ఎవరి బల్ల మీదనో ఏడు వారాలు కదలకుండా ఉన్నప్పుడు చిరాకు కలిగిన మాట నిజమే. ఒకప్పుడు నా బల్ల మీద ఎవరెవరి ఫైళ్లు ఎన్నెన్ని వారాలు పడి ఉన్నాయో గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

అనుమతి వచ్చాక నాకు అప్పగించినది ఒక అక్కను, తమ్ముడిని. ఆమెకు పదకొండేళ్లు, వాడికి ఏడు. తండ్రి శ్రీకాకుళం తీరంలోని చాలామంది మత్స్యకారుల్లాగే గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వలసపోయి, అక్కడే జబ్బుచేసి పోయాడు. తల్లి పిల్లలను తీసుకుని విశాఖ వచ్చి, చేపల రేవు దగ్గర కూలి పనులు చేసి, ఒకనాడు పక్కింటివారికి పిల్లలను అప్పజెప్పి, చెన్నైలో పని దొరికిందని వెళ్లింది. మొదట రెండుసార్లు డబ్బు పంపింది. తరువాత ఫోను కూడా లేదు. కొన్ని నెలలు చూసి పక్కింటివారు పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేశారు. అలా దొరికిన పిల్లలను 24 గంటల లోపల, సంరక్షణ అవసరమైన పిల్లల గురించి నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఆ పని సక్రమంగానే జరిగింది. నేను చూసేనాటికి వారు పిల్లల హోముకు వచ్చి ఏడాది దాటింది. అబ్బాయిలు ఒక భవనంలో, అమ్మాయిలు మరొక భవనంలో ఉండేవారు. అక్కాతమ్ముళ్లు ఆదివారం ఆదివారం కలుసుకునేవారు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేనూ అక్కడికి వెళ్లేదాన్ని. హోము ఉద్యోగిని ఒకరు కంటికి కనిపించేంత దూరంలో కూర్చుని ఉండగా హాలులోనే మాట్లాడుకోవాలి. బయటి తినుబండారాలు తేకూడదు. మొదటి మూడు వారాలు ఆ అమ్మాయి నాతో మాట్లాడనే లేదు. తమ్ముడితో అష్టాచెమ్మా ఆడుతూ నా వైపు ఓరగా చూసేది. నాలుగో వారం, “మీరేటి రాసుకుంటారండి అస్తమానూ?” అని అడిగింది. నోటుపుస్తకం ఆమె చేతికిచ్చాను. తన గురించి రాసినదంతా కూడబలుక్కుంటూ చదివి, తమ్ముడికి ఇష్టమైన కూర తప్పు రాశానని దిద్దింది. ఆనాటి నుంచి ‘మేడమ్‌గారు’ పోయి ‘మామ్మా’ వచ్చింది.

కమిటీ అనుమతితో వారి ఫైలు చదివాను. లెక్కల తనిఖీలో అలవాటైన పద్ధతి ఏమిటంటే, కాగితంలో ఏమున్నదో కన్న ఏమి లేదో ముందు వెతకడం. అందులో తమ్ముడిని ఫోస్టర్ కేర్‌కు ఇవ్వవచ్చునన్న ప్రతిపాదన ఒకటి ఉంది. ఒక దంపతులు వాడిని తీసుకోవడానికి ముందుకు వచ్చారు. దాని కింద “బాలికకు అభ్యంతరం లేదు” అని ఒక వాక్యం. ఆమెను ఎవరు అడిగారు, ఏ రోజున అడిగారు, ఆమె ఏమన్నది అన్నవి లేవు. సంతకం లేదు. తరువాతి ఆదివారం అమ్మాయిని అడిగితే, అటువంటి ప్రతిపాదన ఉన్నట్టే ఆమెకు తెలియదు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలో మూడు పేజీల నివేదిక రాశాను. మా నాన్నగారు తెలుగు పండితులు. ఆవేశం వచ్చినప్పుడు నా కలం ఆయన భాషలోకి వెళ్లిపోతుంది. “తండ్రిని కోల్పోయి, తల్లి జాడ తెలియక అలమటించుచున్న ఈ బాలిక, తన సోదరుని ఎడబాసి క్షణమైనను జీవింపజాలనని కన్నీటితో విన్నవించుకొనినది” అని రాశాను. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. చట్టం వారికి మొదటి తరగతి మెజిస్ట్రేటుకు ఉండే అధికారాలు ఇచ్చింది. అయినా అది కోర్టు గదిలా ఉండదు. ఒక పొడుగాటి బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, మూలన పిల్లల బొమ్మలు నాలుగు. చైర్‌పర్సన్‌గారు నా నివేదికలోని ఆ వాక్యాన్ని పైకి చదివి, దానిని మామూలు మాటల్లో అమ్మాయికి వివరించి, “ఇది నువ్వు చెప్పిందేనా తల్లీ?” అని అడిగారు. ఆమె నా వైపు చూసింది. నేను నొచ్చుకుంటానేమోనన్న సందేహం ఆ ముఖంలో స్పష్టంగా కనిపించింది. కొంచెంసేపు ఆగి, “నానలాగ అన్నేదండి” అన్నది.

“మరి ఏమన్నావు?”

“తమ్ముడు ఎల్తే ఎల్నీండి. ఆడికి ఇల్లు దొరికితే మంచిదే కదండి. గానీ నాకు సెప్పకుండా ఎల్లకూడదండి. ఏ ఊరో, ఏ బస్సో నాకు తెలియాలండి. మాయమ్మ కూడా సెప్పకుండానే ఎలిపోనాది.”

ఆ అమ్మాయి నాతో ఆదివారం అన్న మాటలు అవే. నా నోటుపుస్తకంలో ఉన్నాయి కూడా. నివేదికలోకి వచ్చేసరికి వాటిని తీసివేసి, నాకు నచ్చిన దుఃఖాన్ని ఆమె నోట పెట్టాను. “బాలికకు అభ్యంతరం లేదు” అని రాసిన ఉద్యోగి ఆమెను అడగకుండా రాశాడు. నేను అడిగి, విని, ఆ తరువాత మార్చి రాశాను. ఎవరి తప్పు పెద్దదో నేటికీ నేను తేల్చుకోలేదు.

చైర్‌పర్సన్‌గారు నన్ను మందలించలేదు. పిల్లల మాట, మీ అభిప్రాయం వేరువేరుగా రాసి తెండి, రెండూ మాకు కావాలి అన్నారు. ఇంటికి వచ్చి కాగితాన్ని మధ్యకు మడిచి, ఎడమ పక్కన పిల్లలు అన్న మాటలను వారి యాసలోనే, తారీఖుతో సహా రాసి, కుడి పక్కన నేను చూసినవి, నాకు తోచినవి రాశాను. పిల్లలకు సంబంధించిన నిర్ణయాలలో వారి మాట వినాలన్నది ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం. మన దేశం 1992లో దానిని ఆమోదించింది. బాల న్యాయ చట్టం 3వ సెక్షనులోని సూత్రాలలోనూ అదే ఉంది. సూత్రంగా నాకు అది ముందే తెలుసు. కాగితం మీద అది ఎలా ఉంటుందో మాత్రం ఆ రాత్రి తెలిసింది.

కుడి పక్కన నేను రాసినది ముఖ్యంగా ఒక్కటే. విడదీయడమే వారికి మేలైతే తప్ప, తోబుట్టువులను ఒకే కుటుంబంలో ఉంచడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలని అదే చట్టం 44వ సెక్షను చెబుతోంది. ఈ ఫైలులో అటువంటి ప్రయత్నం ఒక్కటి కూడా నమోదు కాలేదు. కమిటీ ఆ ప్రతిపాదనను నిలిపి, మొదట వచ్చిన దంపతులనే ఇద్దరినీ తీసుకుంటారేమో అడిగించింది. వారు తీసుకోలేమన్నారు.

వారిని నిందించను. వారితో ఒకసారి మాట్లాడాను. దత్తతకు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి అలిసిపోయినవారు. ఫోస్టర్ కేర్‌కు వచ్చిన పిల్లవాడిని రెండేళ్లు పెంచితే దత్తతకు అవకాశం ఉంటుందని 2024 నాటి మార్గదర్శకాల గురించి ఎక్కడో విని, దానిని దగ్గరి దారి అనుకున్నారు. అంతకు ముందు ఆ గడువు ఐదేళ్లు. అయితే ఫోస్టర్ కేర్ అంటే పెంపకమే గాని హక్కు కాదు. తల్లి తిరిగి వస్తే, ఆమె దగ్గరకు పంపడమే పిల్లలకు మేలని కమిటీ అనుకుంటే, పంపవలసిందే. ఆ సంగతి విని ఆ ఇల్లాలు, “మళ్లీ ఇచ్చేయాలా అండీ?” అని అడిగిన గొంతు నాకు చాలాకాలం వినిపించింది.

రెండో కుటుంబం దొరకడానికి ఐదు నెలలు పట్టింది. నగర శివార్లలో టిఫిను బండి నడుపుకునే భర్త, ఇంట్లో కుట్టుపని చేసే భార్య. వారి కూతురికి పెళ్లయింది. ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు, ఇరుగుపొరుగు వారి మాట, అన్నీ విచారించారు. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల చొప్పున వస్తుందని చెప్పినప్పుడు ఆవిడ, “వస్తే వద్దనం అమ్మా, ఆలస్యమైతే మాత్రం పిల్లలను పస్తు పెడతామా?” అన్నారు. ఆ మాటను కూడా తారీఖు వేసి ఎడమ పక్కన రాసుకున్నాను.

వెంటనే పంపలేదు. ముందు హోములో రెండుసార్లు కలిశారు. మూడోసారి కమిటీ అనుమతితో అందరం బీచికి వెళ్లాము. తమ్ముడు అక్కడ మ్యూజియంగా ఉంచిన కుర్సురా జలాంతర్గామి చూడాలని గొడవచేసి, తీరా లోపలికి దిగాక దానికి కిటికీలు లేవని భయపడి కొత్త నాన్నగారి చొక్కా పట్టుకున్నాడు. అక్క మాత్రం ఆవిడను ప్రశ్నలు అడుగుతూనే ఉంది. ఇంటికి తలుపులెన్ని, రాత్రి దీపం ఆర్పేస్తారా, బడి ఎంత దూరం, హోము నుంచి వస్తే ఏ బస్సు ఎక్కి ఏ స్టాపులో దిగాలి. బస్సు నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకుంది. ఆ నంబరు నేను ఇక్కడ రాయను.

తుది విచారణ రోజున చైర్‌పర్సన్‌గారు ఆమెను మళ్లీ అడిగారు. ఈసారి నా కాగితం చదవలేదు, నేరుగానే అడిగారు. వెళ్తానన్నది. అయితే ఒక్క షరతు పెట్టింది: “మాయమ్మ హోముకొచ్చి అడిగితే, తెల్దు అనకండి.” తల్లికి చిరునామా హోములోనే ఇచ్చేయడం కుదరదు, పిల్లల భద్రత దృష్ట్యా అది కమిటీ ద్వారానే జరగాలి. పెంపుడు కుటుంబంలో ఉన్న పిల్లలను కన్నవారు అప్పుడప్పుడు చూడడానికి చట్టం వీలు కల్పించింది కనుక, తల్లి ఎప్పుడు వచ్చి అడిగినా హోమువారు ఆమెను కమిటీ దగ్గరకు తీసుకురావాలని ఉత్తర్వులోనే ఒక వాక్యం చేర్చారు. దాని నకలు హోము గేటు దగ్గరి రిజిస్టరులో అంటించారు.

పిల్లలు ఆ ఇంటికి వెళ్లి ఎనిమిది నెలలైంది. పెంపుడు కుటుంబాన్ని నెలనెలా తనిఖీ చేయాలన్న నియమం ఉంది. ఆ వెళ్లేవారి వెంట నన్నూ రానిస్తున్నారు. తమ్ముడికి అక్కడ నాతో పని లేదు. ఇడ్లీ పిండి రుబ్బే యంత్రం దగ్గర నుంచి కదలడు. అక్క మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని, చదువు సంగతులు రెండు చెప్పి, ఆ తరువాత ప్రతిసారీ అదే ప్రశ్న అడుగుతుంది.

“ఆ కాయితం గేటు కాడ ఉందా మామ్మా?”

ఉంది అంటే ఒప్పుకోదు. అందుకే ఆ ఇంటికి వెళ్లే ముందు హోముకు పోయి, రిజిస్టరు తెరిపించి చూసి వెళ్తున్నాను. పోయిన నెలలో పాత రిజిస్టరు నిండిపోయి కొత్తది పెట్టారు. కాగితం పాతదానిలోనే ఉండిపోయింది. దానిని తీయించి కొత్తదానిలో అంటింపజేసి, ఆ సంగతి ఉన్నది ఉన్నట్టు ఆమెతో చెప్పాను.

“ఎన్నో పేజీలో అంటించారండి?” అన్నది.

మొదటి పేజీలోనే అని చెప్పాను.