కల్లు, కళ్ళు, ఎడ్ షీరన్ తెలుగు

2023 జులైలో తెనాలిలో మా అమ్మ పచ్చడి కోసం ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటుకి మా పెద్దమ్మాయి దగ్గుకుంటూ వసారాలోకి పరుగెత్తి, "అమ్మమ్మా, కల్లు మండుతున్నాయి" అంది. మా తమ్ముడు కుర్చీలోంచి కింద పడేంత నవ్వు నవ్వాడు. "కల్లు కావాలా తల్లీ? పద, తాటితోపుకి పోదాం" అన్నాడు. మేము తిరిగి బయల్దేరేదాకా దాని పేరు "కల్లు పాప". ఎవరూ చెడ్డ మనసుతో అనలేదు. నేనూ నవ్వాను, అది ఒప్పుకోవాలి.

అప్పటికి దానికి పన్నెండేళ్ళు. ఇంగ్లండ్‌లో మా ఇంటికి తిరిగి వచ్చాక తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మమ్మ ఫోన్ చేస్తే "బాగున్నారా", "తిన్నాను", "బై", అంతే. పిల్లలు పెద్దవుతుంటే ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. కారణం వేరే ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మేముండేది ఇప్స్‌విచ్‌లో. టెలికాం, ఐటీ ఉద్యోగాల పుణ్యమా అని ఇక్కడ తెలుగువాళ్ళం బాగానే ఉన్నాం. ఇక్కడి పిల్లలకి ఇంగ్లీషు పాప్ గాయకుడు ఎడ్ షీరన్ అంటే పక్కింటి అన్నయ్య లెక్క. అతను పెరిగిన ఫ్రామ్లింగ్‌హామ్ మా ఇంటికి కారులో అరగంట, కాస్త అటూ ఇటూ. 2021లో మా ఊరి ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకి అతనే స్పాన్సర్ అయ్యాడు. ఆ చొక్కా వేసుకునే మా చిన్నోడు నిద్రపోతాడు కూడా.

2025 ఫిబ్రవరిలో ఎడ్ ఇండియా టూర్‌లో ఉన్నాడు. 2న హైదరాబాద్, 5న చెన్నై, తర్వాత బెంగళూరు. 9వ తేదీ ఆదివారం పొద్దున చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాడుతుంటే పోలీసులు వచ్చి మైకు వైరు పీకేశారు. మా అమ్మాయి దాని మీద రోజంతా కోపంగా ఉంది. ఆ సాయంత్రమే స్టేజీ మీద గాయని శిల్పారావు పక్కన నిలబడి 'దేవర'లోని 'చుట్టమల్లే' అందుకున్నాడు. తెలుగులోనే. బెంగళూరులో కన్నడం పాడకుండా తెలుగేంటని అడిగినవాళ్ళూ ఉన్నారు, అదో గొడవ.

రాత్రికల్లా మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో ఐదుసార్లు వచ్చింది. అందరికంటే ముందు పెట్టింది మా తమ్ముడు. "తెల్లవాడైనా ఎంత ముద్దుగా పలికాడో చూడండి" అని రాశాడు. పెద్దమ్మ చప్పట్ల బొమ్మలు పెట్టింది. మా అమ్మ వాయిస్ మెసేజ్‌లో "దిష్టి తగులుతుందే అబ్బాయికి" అంది.

మా అమ్మాయి ఫోన్ చెవికి ఆనించుకుని రెండు మూడుసార్లు విన్నది. తర్వాత నా దగ్గరకొచ్చి, ఇంగ్లీషులోనే, "అమ్మా, ఇతను నాలాగే పలుకుతున్నాడు కదా? మరి మామయ్య ఇతన్ని చూసి ఎందుకు నవ్వట్లేదు?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. బయటివాడు మన గడప దాకా వచ్చి నాలుగు మాటలు పలికితే అది మనకి దక్కిన గౌరవం, ఇంటి పిల్ల అవే మాటలు పలికితే పెంపకంలో లోపం. ఇది పిల్లకెలా చెప్పాలి? "వాళ్ళకి నువ్వంటే ప్రేమే" అన్నాను. "ఐ నో" అని వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూల్లో అందరూ దీన్ని చుట్టుముట్టారట, చుట్టమల్లే అంటే ఏంటని. దానికీ తెలీదు. "మల్లెపువ్వు గురించా?" అని నన్నడిగింది. కాదు, చుట్టం అంటే బంధువు, అల్లే అంటే లాగా, అందులోనే చుట్టేయడం కూడా దాక్కుని ఉంది, రామజోగయ్యశాస్త్రి గారి చమత్కారం అదీ అని ఉత్సాహంగా పాఠం మొదలుపెట్టాను. అది మధ్యలోనే ఆపింది. "అంటే లవ్ సాంగ్‌లో హీరోయిన్ 'బంధువులాగా' అంటోందా? వాళ్ళకి నేనిదెలా చెప్పను?" నిజమే. ఆ మాటలోని తియ్యదనం ఇంగ్లీషులో పెడితే పెళ్ళికి పిలవని దూరపు చుట్టంలా తయారవుతుంది.

జూన్ 5న ఎడ్ కొత్త పాట 'సఫైర్' వచ్చింది. సగం ఇంగ్లీషు, మధ్యలో పంజాబీ, అరిజిత్ సింగ్ గొంతు, వీడియోలో షారుఖ్ ఖాన్. మళ్ళీ క్లాసు క్లాసంతా మా అమ్మాయి మీద పడింది, "నీ భాషే కదా, చెప్పు" అని. తనది కాదని చెప్పడానికి దాని ప్రాణం పోయింది. ఇండియా అంటే ఒకే భాష అనుకునే పిల్లలకి, బెంగాల్‌లోని జియాగంజ్‌కి చెందిన అరిజిత్, సఫక్‌లో పెరిగిన ఎడ్ కలిసి పంజాబీలో పాడారని ఎలా అర్థమవుతుంది?

ఆ వారం క్లాసులో రాణిలా వెలిగిపోయింది ఒక పంజాబీ అమ్మాయి. మా పెద్దదానికి కుళ్ళు, దాచుకోలేదు కూడా. "వాళ్ళకి అన్నీ ఉన్నాయి" అంది. కొంత నిజమే. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో 2.91 లక్షల మంది తమ ప్రధాన భాష పంజాబీ అని రాశారు. ఇంగ్లీషు కాకుండా పోలిష్, రొమేనియన్ తర్వాత అదే. మన పదో తరగతి పరీక్షల్లాంటి జీసీఎస్‌ఈకి పంజాబీ, ఉర్దూ, బెంగాలీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. పాటల్లో అయితే వాళ్ళు ఎప్పుడో ఉన్నారు. కోవెంట్రీ కుర్రాడు పంజాబీ ఎంసీ 2003లోనే ఇక్కడి చార్టుల్లో ఐదో స్థానం దాకా వెళ్ళాడు. ఆ పిల్లకి రెండు భాషల పాట కొత్త కాదు, వాళ్ళ నాన్న కారులో విన్నదే.

కానీ ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ అమ్మాయి 'సఫైర్'లోని పంజాబీ ముక్కలు నేర్పిస్తుంటే మాది 'చుట్టమల్లే' నేర్పిస్తోంది. ఒక సాయంత్రం ఇంటికొస్తూనే బ్యాగ్ విసిరికొట్టింది.

"దానికి కళ్ళు అనడం మొదటిసారే వచ్చేసిందమ్మా! నాకు పద్నాలుగేళ్ళు!"

పంజాబీలోనూ మన 'ళ' లాంటి శబ్దం ఉంది. అదే చెప్పాను, ఊరుకోబెడదామని. ఊరుకోలేదు. నాలుక వెనక్కి మడిచి పైన తాకించాలని నేను నోరు తెరిచి చూపిస్తే, అద్దం ముందుకెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి "కళ్ళు, నీళ్ళు, పళ్ళు, కాళ్ళు" వినిపిస్తున్నాయి. కొన్ని ళలు పడుతున్నాయి, కొన్ని జారిపోతున్నాయి. నేను నవ్వలేదు.

బయట మెట్ల మీద కూర్చున్న మా చిన్నోడు మాత్రం ఇప్స్‌విచ్ చొక్కా వేసుకుని, అక్కకి వినపడేలా "కల్లు! కల్లు!" అని అరుస్తూనే ఉన్నాడు.