రాత్రిపూట మాత్రమే ఇరుక్కునే డెడ్‌బోల్ట్: గుట్టు ముప్పాతిక మువ్వీసం దొరికింది

దొరికింది! మా వీధి తలుపు స్మార్ట్ తాళంలో, రాత్రి ఎనిమిది దాటాక మాత్రమే మొరాయించే ఈ డెడ్‌బోల్ట్ (మోటార్ తిప్పితే ద్వారబంధంలోకి దూరే ఇనుప గడియ) రోగం తాళంలో లేదు, బ్యాటరీలో లేదు, యాప్‌లో అసలే లేదు. వంటగదిలో తిరిగే ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లో ఉంది. ఇంకా ఒక ముడి విడిపోలేదు, దాని సంగతి చివర్లో రాస్తాను.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. కీప్యాడ్ కోడ్‌లు పనిచేస్తున్నాయి, తలుపు సెన్సర్ అయస్కాంతం కుదురుకుంది, పై బందుకు ఒక పొడుగు స్క్రూ వేశాక తలుపు జారడం ఆగింది. తాళాన్ని వైర్‌లెస్‌గా ఇంటి హబ్‌తో కలిపే జడ్-వేవ్ జత కూడా ఎస్2 అనే కొత్త భద్రతా పద్ధతిలోనే కుదిరింది, పాత ఎస్0లో కాదు. ఎస్0 అయితే విప్పి మళ్లీ మొదటినుంచి కలిపేవాణ్ణి. ఎస్0లో జత కలిపేటప్పుడు సందేశాలకు తాళం వేసే అసలు కీని అన్నీ సున్నాలున్న తాత్కాలిక కీతో మూసి పంపుతారు, పక్కన వింటున్నవాడికి అది మూసినట్టే కాదు. ఎస్2కి సిద్ధంగా ఉన్న తాళాన్ని కూడా ఎస్0కి దించవచ్చని 2018లో పరిశోధకులు చేసి చూపించారు. బల్బుకైతే ఎస్0తో సరిపెట్టుకుంటాను కానీ వీధి తలుపుకు ఒప్పుకోను.

ఇక అసలు తలనొప్పి. తలుపు మూసిన ముప్పై సెకన్లకు ఆటో-లాక్ మొదలవుతుంది. మోటార్ సన్నగా మోగుతుంది, సగం దాటాక ఆ మోత బరువెక్కుతుంది, ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, మళ్లీ ప్రయత్నిస్తుంది, చివరికి బీప్ కొట్టి వదిలేస్తుంది. పగలు ఎన్నిసార్లు మూసినా ఏ గొడవా లేదు. బోల్ట్ బయటికి రావాల్సింది 25 మి.మీ. ఇరుక్కున్నప్పుడు ఆగేది 21, 22 మధ్య.

మూడు మిల్లీమీటర్లే కదా అని వదిలేసే విషయం కాదిది. తలుపు తెరిచి పెట్టి, బోల్ట్‌ని చేత్తో 22 దగ్గర ఆపి, కొసను బొటనవేలితో నొక్కి చూశాను. మెత్తగా లోపలికి జారిపోయింది. 25 దాకా తోసి మళ్లీ నొక్కాను. ఈసారి కదల్లేదు, శరీరం బరువంతా వేసినా కదల్లేదు. పూర్తిగా బయటికొచ్చాకే లోపలి మీట అడ్డంపడి బిగుస్తుంది, అప్పుడే అది డెడ్‌బోల్ట్. అంతకుముందు అది ఉత్త ఇనుప ముక్క. దీనికి తోడు ఒక రాత్రి 22 దగ్గరే ఆగిపోయి యాప్‌లో మాత్రం లాక్ అయినట్టు పచ్చగా చూపించింది. మోటార్ ఎంత తిరిగిందో లెక్కపెట్టి యాప్ ఆ మాట చెబుతుంది, బోల్ట్ కొస ఎక్కడుందో దానికి తెలియదు. అసలు టెన్షన్ అక్కడే మొదలైంది.

మొదటి అనుమానం బ్యాటరీల మీద. ఆల్కలైన్ డబుల్-ఎ సెల్స్ నాలుగు, మోటార్ తిరగనప్పుడు కొలిస్తే 6.0 వోల్టులు. మోటార్ ఇరుక్కున్న క్షణంలో మల్టీమీటర్‌లో 4.6కి పడిపోయింది. అదే కారణం అనిపించి కొత్త సెట్ వేశాను: మోటార్ తిరగనప్పుడు 6.4, ఇరుక్కున్నప్పుడు 5.4. ఇరుక్కోవడం మాత్రం ఆగలేదు. ఇరుక్కోవడం వల్లే బ్యాటరీ తినేస్తోంది తప్ప, బ్యాటరీ తగ్గడం వల్ల ఇరుక్కోవడం లేదు. లిథియం సెల్స్ వేయమని చాలామంది చెబుతారు, నాకు ఇష్టం లేదు. వాటి వోల్టేజీ చివరిదాకా చదునుగా ఉండి ఒక్కసారిగా కూలిపోతుంది, ఆల్కలైన్‌కి తగ్గట్టు లెక్కించే మీటర్ నిండుగా ఉందని చెబుతూ చెబుతూనే తాళం ఆగిపోతుంది. రీచార్జబుల్ నికెల్ సెల్స్‌వి నాలుగు కలిపినా 4.8 వోల్టులే, మొదటి రోజునుంచే తక్కువ బ్యాటరీ అని గోల.

తర్వాత బలం కొలిచాను. లోపలి తిప్పుడు పిడికి 10 సెం.మీ. బద్ద కట్టి, దాని చివర సామాన్లు తూచే స్ప్రింగ్ త్రాసు తగిలించి మెల్లగా లాగడం. తలుపు తెరిచి ఉంటే 140 గ్రాములు. మధ్యాహ్నం మూసి ఉంచితే 260. రాత్రి మూస్తే మొదట 300 దగ్గరే ఉండి, బోల్ట్ 20 మి.మీ. దాటగానే 680కి, 22 దగ్గర 900కి పైగా ఎగబాకింది. ఈ మోటార్ 850 దగ్గర చేతులెత్తేస్తుంది, అది వేరుగా పట్టుకుని చూశాను. అంటే అడ్డు మొదట్లో లేదు, లోతులో ఉంది.

బోల్ట్ కొసకు మార్కర్ సిరా పూసి రాత్రి మళ్లీ నడిపించాను. స్ట్రైక్ ప్లేట్ (ద్వారబంధం మీద బోల్ట్ దూరే రేకు) అంచుకి మరక లేదు. టార్చి వేసి చూస్తే మరక ద్వారబంధం రంధ్రంలో, దాదాపు 19 మి.మీ. లోతున, గది వైపు గోడమీద ఉంది. తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందు 3 మి.మీ. మూడూ పంతొమ్మిదీ కలిపితే సరిగ్గా 22! రంధ్రంలోకి సన్నటి బద్ద దూర్చి చూస్తే, లోపలికి వెళ్లేకొద్దీ వీధి వైపుకు ఒరిగి ఉంది. ఎప్పుడో ఎవరో డ్రిల్‌ని కాస్త వంకరగా పట్టుకున్నారు. పగలు ఆ గోడకూ బోల్ట్‌కూ మధ్య 0.8 మి.మీ. ఖాళీ ఉంది, చాలుతోంది.

మరి రాత్రి ఆ ఖాళీ ఎటు పోతోంది? చలికి చెక్క కదులుతోందేమో అనుకుని గంటగంటకూ సందు కొలిచాను, తేడా లేదు. రబ్బరు సీల్ గట్టిపడుతోందేమో అని సీల్ పీకి చూశాను, తగ్గింది కానీ పోలేదు. ఫ్యాన్ సంగతి తలుపు కింద అంటించిన టిష్యూ కాగితం చెప్పింది. ఫ్యాన్ వేయగానే కాగితం గదిలోకి వంగింది. కిటికీలు మూసి ఉన్నప్పుడు ఫ్యాన్ ఇంట్లోంచి గాలి లాగేస్తుంటే బయటి గాలి తలుపును లోపలికి తోస్తోంది. పీడనంలో తేడా పది పాస్కల్సే అనుకోండి, వాతావరణ పీడనంలో పదివేల వంతు. తలుపు వైశాల్యం రెండు చదరపు మీటర్లు, గుణిస్తే 20 న్యూటన్లు, రెండు కిలోల బరువు ఆనినట్టు. తలుపు తెరుచుకునేది కూడా లోపలికే. తలుపును మూసి పట్టుకునే స్ప్రింగ్ లాచ్‌కి ఉన్న రెండు మిల్లీమీటర్ల వదులులో తలుపు జరుగుతుంది. వెర్నియర్‌తో కొలిస్తే జరిగింది 1.2 మి.మీ. ఉన్న ఖాళీ 0.8. లెక్క తేలిపోయింది.

చేత్తో తిప్పితే ఎప్పుడూ ఎందుకు ఇరుక్కోలేదో కూడా అర్థమైంది. పిడి తిప్పేటప్పుడు రెండో చెయ్యి తలుపును ద్వారబంధానికి నొక్కుతుంది, బయటినుంచైతే పిడి పట్టి లాగుతుంది. మోటార్‌కి ఆ రెండో చెయ్యి లేదు.

సన్న ఉలితో రంధ్రం గది వైపు గోడను ఒకటిన్నర మి.మీ. చెక్కాను. లాచ్ ప్లేట్‌ను వీధి వైపుకు 1 మి.మీ. జరిపాను, తలుపు మూయడానికి ఇప్పుడు కాస్త ఎక్కువ తోయాలి, ఫరవాలేదు. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉండగా త్రాసు మీద 310. హమ్మయ్య!

కానీ వాన పడ్డ రాత్రి, ఫ్యాన్ ఆపి ఉన్నప్పుడు, మళ్లీ ఇరుక్కుంది. ఈసారి 24 దగ్గర. తలుపు చెక్క తేమకు అడ్డంగా ఉబ్బి సందు 3 నుంచి 2కి తగ్గింది, అంటే బోల్ట్ ద్వారబంధంలోకి ఒక మి.మీ. ఎక్కువ వెళ్లాలి, 23 దాకా. రంధ్రం లోతు మధ్యలో 23.5, డ్రిల్ కొస ఆకారం వల్ల అంచుల్లో 22కి మించదు. బోల్ట్ అంచులు అడుగున ఆనుతున్నాయని నా నమ్మకం. ఉలి పొట్టు కూడా కొంత మిగిలి ఉండవచ్చు. తేమ ఎక్కువున్న మరో రోజు సిరా మళ్లీ పూస్తే తేలుతుంది.

ఈలోపు రంధ్రాన్ని 30 మి.మీ.కి లోతు చేసి, ఉక్కు బాక్స్ స్ట్రైక్ (రంధ్రంలో కూర్చునే డబ్బాలాంటి స్ట్రైక్ ప్లేట్) పెట్టి, 75 మి.మీ. స్క్రూలతో బిగిస్తాను. తన్నినా ప్లేట్ ఊడిరాకుండా అది ఎలాగూ కావాలి. బోల్ట్ భాగం మార్చాల్సి వస్తే ష్లేజ్ కంపెనీ బీ60 తరహా, అమెరికా తాళాల ప్రమాణంలో గ్రేడ్ 1 వైపే నా మొగ్గు. గ్రేడ్ 1కి 2,50,000 సార్లు తిరిగే పరీక్ష ఉంది, గ్రేడ్ 3కి 1,00,000. కొస సన్నగా చెక్కిన బోల్ట్‌లు కొన్ని మోటార్ తాళాలకు వస్తున్నాయి, వంకర రంధ్రాలకు అవి నయం. క్విక్‌సెట్ స్మార్ట్‌కీలో తాళంచెవి మార్చుకోవడం సుళువు, అది నచ్చుతుంది. ఫోన్ దగ్గరికి రాగానే తెరిచే సదుపాయం మాత్రం ఏ బ్రాండ్‌లోనైనా ఆపేసే ఉంచుతాను. బ్లూటూత్ సంకేతాన్ని దూరంనుంచి అందించి క్విక్‌సెట్ వారి కెవో తాళాన్ని తెరవవచ్చని 2022లో ఎన్‌సీసీ గ్రూప్ అనే సైబర్ భద్రతా సంస్థ చూపించింది. సంకేతం రావడానికి పట్టిన కాలాన్ని కొలిచే యూడబ్ల్యూబీ (అల్ట్రా-వైడ్‌బ్యాండ్ రేడియో) తాళాలు చేతికొచ్చాక మళ్లీ ఆలోచిస్తాను.

ఆ తర్వాతి పని మోటార్ తీగలో ఐఎన్‌ఏ219 అనే కరెంటు కొలిచే చిప్ పెట్టి కరెంటు నమోదు చేయడం. మూసిన ప్రతిసారీ కరెంటు గీత దాచుకుంటే, చివరి 3 మి.మీ.లో అది లేచినప్పుడు యాప్ ఏమన్నా సరే నాకు వేరే హెచ్చరిక రావాలి. బోల్ట్ అడుగుకు చేరిందని తెలియడానికి బాక్స్ స్ట్రైక్ లోపల చిన్న మైక్రోస్విచ్ కూడా పట్టేలా ఉంది, తీగ లాగడానికి ద్వారబంధంలో దారి వెతుకుతున్నాను.