రొయ్య రేటు, పొగాకు వేలం, నయా వలసవాదం

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లాక, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల గురించి ఎవరు మాట్లాడినా చివరికి నయా వలసవాదం అనే మాట దగ్గరికి వచ్చి ఆగారు. నా లెక్కలో ఆ మాట అక్కడ సగానికే అతుకుతుంది. ఆ 50లో మొదటి 25 శాతం మామూలు వాణిజ్య తగాదా. తన మార్కెట్‌కు ఏ దేశమైనా కంచె వేసుకుంటుంది, మనమూ వేసుకుంటాం. రెండో 25 శాతం సంగతి వేరు. రష్యా దగ్గర చమురు కొంటున్నందుకని చెప్పి మరీ వేశారు. మనం చమురు ఎవరి దగ్గర కొనాలన్నది మన ప్రభుత్వం తేల్చుకోవాల్సిన విషయం. దాన్ని మార్చడానికి రొయ్యల మార్కెట్‌ను అడ్డం పెట్టుకోవడమే ఈ పదం వాడదగిన చోటు.

ఈ పదాన్ని ప్రపంచమంతటా పరిచయం చేసినవాడు ఘనా తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా. అంతకు ముందు ఫ్రెంచి మేధావులు వాడారు, 1961లో కైరోలో జరిగిన ఆఫ్రికా ప్రజల సదస్సు దీని మీద తీర్మానం కూడా చేసింది. అయినా స్థిరమైన అర్థం వచ్చింది 1965లో ఎన్‌క్రుమా రాసిన పుస్తకంతోనే. సారాంశం ఇది: దేశానికి జెండా, పార్లమెంటు, రాయబారులు అన్నీ ఉంటాయి, కానీ దాని ఆర్థిక వ్యవస్థను, దాని ద్వారా రాజకీయాన్ని బయటివాళ్లు నడుపుతుంటారు. పాత వలస పాలకుడికి కనీసం తన దేశంలోనైనా జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది, కొత్తవాడికి ఆ బాధ కూడా లేదు. పుస్తకం వచ్చాక అమెరికా ఘనాకు ఇవ్వాల్సిన రెండున్నర కోట్ల డాలర్ల సాయం ఆపేసింది. 1966 ఫిబ్రవరిలో ఎన్‌క్రుమా విదేశంలో ఉండగా సైన్యం ఆయన్ని దించేసింది.

ఆయన మాటకు ఆయన దేశంలోనే సాక్ష్యం ఉంది. వోల్టా నది మీద అకోసోంబో డ్యామ్ కట్టారు, దానికి ప్రపంచ బ్యాంకు, అమెరికా, బ్రిటన్ అప్పిచ్చాయి. ఆ కరెంటులో సింహభాగం టేమాలో అమెరికన్ కంపెనీ పెట్టిన అల్యూమినియం కర్మాగారానికి, చౌక రేటుకు, దీర్ఘకాల ఒప్పందం మీద వెళ్లింది. ఘనాలో బాక్సైట్ గనులున్నాయి. అయినా ఆ కర్మాగారం బయటి నుంచి తెప్పించిన అల్యూమినాతో నడిచింది. డ్యామ్, నీళ్లు, అప్పు ఘనావి. గని నుంచి లోహం దాకా ఉండాల్సిన పరిశ్రమ మాత్రం ఘనాలో పుట్టలేదు.

ఇంకో రూపం డబ్బు. 1945లో ఫ్రాన్స్ తన ఆఫ్రికా వలసలకు సీఎఫ్ఏ ఫ్రాంక్ ఇచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా దేశాలు అదే నాణెంతో నడిచాయి, తమ విదేశీ మారక నిల్వల్లో పెద్ద భాగాన్ని ఫ్రెంచి ఖజానాలో ఉంచాయి. 1994 జనవరిలో ఆ ఫ్రాంక్ విలువ ఒక్క దెబ్బకు సగమైంది. మనకు 1991లో బంగారం తాకట్టు పెట్టి, షరతుల మీద అప్పు తెచ్చుకున్న అనుభవం ఉంది. కానీ రూపాయి మన చేతిలోనే ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

కాబట్టి ఏదైనా సరుకు గురించి ఈ మాట అనే ముందు నేను కొన్ని ప్రశ్నలు వేసుకుంటాను. విత్తనం ఎవరి చేతిలో ఉంది? రేటు ఎక్కడ ఖాయమవుతుంది? ముడి సరుకు తయారీ సరుకయ్యేది ఎక్కడ? అన్నిటికన్నా ముఖ్యంగా, మన ప్రభుత్వం కాదు అనగలదా? అనగలిగీ అనలేదంటే అది మన చేతగానితనం. దానికి వేరే పేర్లున్నాయి.

వనామీని ఈ ప్రశ్నల ముందు పెడదాం. ఇది మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో పుట్టిన రొయ్య. 1994-95లో తెల్లమచ్చ తెగులు నెల్లూరు తీరంలో టైగర్ రొయ్యల చెరువుల్ని ఊడ్చేశాక చాలా ఏళ్లు కోలుకోలేకపోయాం. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీకి కావాల్సిన తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల వ్యాధి రహితంగా పెంచే కంపెనీల నుంచి విమానంలో చెన్నై చేరతాయి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలయ్యాకే హేచరీకి వస్తాయి. చెరువులో పెరిగిన వనామీని తల్లిగా వాడటం నిషేధం. నిషేధం సరైనదే, వాడితే తెగులు దిగుతుంది, ఒకే రక్తంలో సంకరమై పిల్ల ఎదుగుదల దెబ్బతింటుంది. తల్లి రొయ్యల్ని పెంచే కేంద్రాలు మన దగ్గరా పెట్టారు గానీ, వాటికి కూడా మూల పిల్ల బయటి నుంచే రావాలి. ఎంపిక చేసిన వంశాలు ఆ కొద్ది కంపెనీల చేతిలో ఉన్నాయి. విత్తనం ప్రశ్నకు జవాబు తేలిపోయింది.

ఇక రేటు. సుంకం కట్టేది అమెరికాలో దించుకునేవాడు, మరి దెబ్బ చెరువు గట్టు మీద ఎందుకు పడుతుంది? 100 కౌంటు అంటే కిలోకు 100 రొయ్యలు, ఒక్కోటి 10 గ్రాములు. చెరువులో రెండు టన్నులుందనుకుంటే రెండు లక్షల రొయ్యలు. రేటు పడిపోయింది, ఆగుదాం అనుకున్నాడు రైతు. 50 కౌంటుకు రావాలంటే ఒక్కోటి ఇంకో 10 గ్రాములు పెరగాలి. వారానికి రెండు గ్రాములు పెరిగినా ఐదు వారాలు. ఒక్కటీ చావకపోతే రెండు టన్నులు అదనంగా వస్తుంది, దానికి కిలోకు కిలోన్నర చొప్పున మూడు టన్నుల మేత కావాలి. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. మధ్యలో తెల్లమచ్చ కనిపిస్తే ఆ రోజే పట్టేయాలి, ఏ రేటు చెబితే ఆ రేటు. ఆ భయంతో అందరూ ఒకేసారి పట్టుబడికి దిగుతారు, రేటు ఇంకా జారుతుంది. దించుకునేవాడు సుంకంలో తన వాటాను ఎగుమతిదారు మీదికి, ఎగుమతిదారు ఏజెంటు మీదికి నెడతారు. రైతు నెట్టడానికి కింద ఎవరూ లేరు.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. మేత అప్పుకిచ్చి, రొక్కానికిచ్చే తగ్గింపు ఎగ్గొట్టి, రొయ్య పట్టిన రోజున తాను చెప్పిన కొనుగోలుదారుకే అమ్మించే డీలర్ మన ఊరివాడే. కౌంటు లెక్కలో చేతివాటం చూపించేవాడూ మనవాడే. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి ఆ అప్పు చిన్న విషయం కాదు. ఇదంతా వాషింగ్టన్ ఖాతాలో రాస్తే డీలర్‌కు అంతకన్నా ఏం కావాలి! మనతో పోటీపడి చవగ్గా అమ్మే ఈక్వడార్ కూడా సామ్రాజ్యవాది కాదు. 2000 నుంచి సొంత కరెన్సీయే లేకుండా డాలర్‌తో నెట్టుకొస్తున్న దేశం అది.

పొగాకుకు వస్తే చిత్రం మారుతుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో నడిచేది 1975 నాటి మన పొగాకు బోర్డు చట్టం. ఆకును కాల్చే కొట్టు, అంటే బ్యారన్‌కు ఎంత పండించాలో బోర్డే చెబుతుంది, రైతుకు రేటు నచ్చకపోతే బేలును వెనక్కి తీసుకెళ్లొచ్చు. కానీ ఈ వర్జీనియా రకం పొగాకును వేలం బయట అమ్మడానికి లేదు, కొనేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లు బ్రెజిల్‌లో, జింబాబ్వేలో పంట ఎంతొచ్చిందో చూసుకుని పాట పాడతారు. రేటు బయట ఖాయమవుతుంది, అది నిజం. అయితే కాదు అనే అధికారం బోర్డు దగ్గర, దాని వెనక కేంద్రం దగ్గర ఉంది. 2025లో నల్ల బర్లీ అనే ఇంకో రకం పొగాకు వేయించి, తీరా కోతకొచ్చాక కంపెనీలు మొహం చాటేస్తే, మార్క్‌ఫెడ్‌తో రాష్ట్ర ప్రభుత్వం కొనిపించాల్సి వచ్చింది. బర్లీ వేలం పరిధిలో లేకపోవడం, కొనేవాళ్లు కొద్దిమందే కావడం, రాతపూర్వక ఒప్పందం లేకపోవడం వల్ల వచ్చిన గొడవ అది. నయా వలసవాదం అనక్కర్లేదు.

చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు. చుట్టుపక్కల కటింగ్, పాలిషింగ్ యూనిట్లున్నా మంచి బ్లాకులు ముడిగానే ఓడెక్కి చైనాకో ఇటలీకో వెళతాయి. పైకి ఘనా బాక్సైట్ కథలాగే ఉంటుంది. కానీ ముడి బ్లాకు మీద ఆంక్ష పెట్టకుండా మనల్ని ఎవరూ ఆపలేదు. ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లకు కోట్లు అవడాన్ని కూడా ఈ గాటన కడుతుంటారు. అది మరీ అన్యాయం. బ్రెజిల్ కూడా ఒకప్పటి వలసే, వాళ్లు ఆ జాతిని శ్రద్ధగా పెంచుకున్నారు, మనం ట్రాక్టర్ కొన్నాక వదిలేశాం.

మళ్లీ రొయ్యకే వస్తే, ఆ రెండో 25 శాతం సుంకం కాక, ఈ పదం నిజంగా పట్టుకున్న ముడి విత్తనం దగ్గరే ఉంది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా సాగు పరిశోధన సంస్థ సిబా శాస్త్రవేత్తలు మన తీరంలోనే పుట్టిన తెల్ల రొయ్య ఇండికస్‌ను అభివృద్ధి చేసే పనిలో ఉన్నారు. తల్లి రొయ్య మన సముద్రంలోనే దొరుకుతుంది. చిక్కల్లా ఎదుగుదలలో. చెరువు లీజు, కరెంటు బిల్లు, మేత అప్పు మూడూ రోజులు లెక్కపెట్టుకుంటూ పెరిగేవే. అన్నే రోజుల్లో వనామీ ఇచ్చే కౌంటు ఇండికస్ ఇవ్వనంత కాలం, దేశభక్తి కోసం దాన్ని చెరువులో వేయమని ఏ రైతునూ అడగలేం.